కాలు తగిలితే

సంగీత తన్నిన మరునాడు మెట్లు దిగడం కూడా ఒక విద్యే. ఎడమ కాలు ముందు పెట్టకూడదు. గోడ పట్టుకుని కుడి కాలును కింది మెట్టు మీదికి దించి, ఎడమ కాలును మొండి కోడెను లాక్కొచ్చినట్టు వెనకాల లాక్కోవాలి. కల్పన ఆ పొద్దున అట్లాగే దిగుతుంటే, వాకిట్లో తాపీ, రసమట్టం సంచిలో సర్దుకుంటున్న తండ్రి యోసేపు తలెత్తి చూశాడు.

"మల్ల ఆ పాలకుర్తి పిల్లేనా?"

"ఆ."

"అది కాలా, గడ్డపారనా?"

కల్పన నవ్వింది. యోసేపు జనగామలో సగం కొత్త ఇండ్లకు గోడలు లేపిన మేస్త్రీ. గట్టిదేదో, గుల్లదేదో తట్టి చెప్పగలడు. ఆయన మెచ్చుకోవడం ఇంతకంటే ఎక్కువ ఉండదు.

లో కిక్కుకు చప్పట్లుండవు. తల మీదికి లేచే తన్నును చూస్తే జనం నోళ్లు తెరుస్తారు. ఇదేమో మోకాలికి జానెడు పైన, తొడ పక్కన, ఎవరూ చూడని చోట తగులుతుంది. తన్నేవాళ్లు నిలబడ్డ కాలి మడమ తిప్పాలి, మడమతోపాటు నడుము తిప్పాలి. పాదంతో కాదు, మోకాలి కింద ముందరుండే ఎముకతో కొట్టాలి. మొదటిది మంట పెడుతుంది. రెండోది బరువెక్కిస్తుంది. ఆ తర్వాత ఆ కాలు మనది కాదు, పక్కింటివాళ్లది. సంగీత దగ్గర ఈ మూడింటికీ పెద్ద తేడా ఉండదు. ఆమె మొదటి తన్నే మూడో తన్నులాగా ఉంటుంది.

జనగామలో మూతబడ్డ రైసుమిల్లు వెనక, రేకుల షెడ్డులో యాకయ్య సార్ కిక్ బాక్సింగ్ నేర్పుతాడు. ఇప్పటికీ వానొస్తే ఆ షెడ్డులో తవుడు వాసన లేస్తుంది. యాకయ్య కుడి కాలు కుంటుతుంది. వయసులో ఉన్నప్పుడు ఆపుకోలేని లో కిక్కు ఒకటి మోకాలి మీద పడ్డది. అందుకే ఆయన దగ్గర తన్నడం కంటే ముందు ఆపడం నేర్చుకోవాలి. ముందరి కాలు మీద బరువంతా వేయకూడదు. తన్ను వస్తున్నట్టు కనబడగానే మోకాలు లేపి, బయటికి తిప్పి, ఎముకకు ఎముక అడ్డం పెట్టాలి. లేదంటే ఒక అడుగు లోపలికి దూరిపోవాలి; దగ్గరికొచ్చిన మనిషిని తన్నలేరు. "తొడ మెత్తది, బొక్క గట్టిది. మెత్తదాన్ని దాచుకో, గట్టిదాన్ని ముందట పెట్టు," అనేవాడు.

సంగీతది అంత గొప్ప తన్నే గానీ, దానికీ ఒక తోక ఉంది. బస్సులో ఎవరికైనా కాలు తగిలితే మనం ఏం చేస్తాం? చప్పున వంగి, చేత్తో తాకి, కండ్లకద్దుకుంటాం. సంగీత రింగులోనూ అదే చేసేది. తన్ను తగలడం, కుడి చేతి గ్లౌజు అవతలి మనిషి తొడ వైపు దిగడం, అక్కడినుంచి తన కండ్ల దగ్గరికి పోవడం, అన్నీ రెప్పపాటులో అయిపోయేవి. ఆ రెప్పపాటులో ఆమె ముఖం తలుపు తీసిన ఇల్లే. మొదటిరోజు షెడ్డంతా పడీ పడీ నవ్వింది. యాకయ్య మాత్రం నవ్వలేదు.

"గుడి కాదు బిడ్డా ఇది. చెయ్యి దించకు," అన్నాడు. ఆ తర్వాత చెంపకు గ్లౌజుకు మధ్య తువ్వాల పెట్టి, అది కింద పడకుండా తన్నమన్నాడు. ప్రతి తన్నుకూ "చెయ్యి" అని పైకి అనమన్నాడు. చెయ్యి నాలుగు రోజులు నిలిచేది. ఆట వేడెక్కగానే చెయ్యి మళ్లీ తన దారిన తాను పోయేది. యాకయ్య "చెయ్యి" అని అరిచే అరుపు మిల్లు అవతలి రోడ్డు దాకా వినబడేది.

సోమవారం నాడు బరువులు చూశారు. ఆదివారం మానుకోటలో సెలెక్షన్లు. ఒక్కో బరువులో ఒక్క అమ్మాయే రాష్ట్ర పోటీలకు పోతుంది. కల్పనకు ఇది ఆఖరి అవకాశం, వచ్చే యేడు వయసు దాటిపోతుంది. అక్కడ పతకం వస్తే పోలీసు ఉద్యోగానికి ఆటల కోటాలో దారి దొరుకుతుందని ఆమె ఆశ. ఎప్పుడూ కింది బరువులో ఆడే సంగీత ఆరోజు కాంటా ఎక్కితే ముల్లు ముందుకు జరిగి కల్పన బరువు దగ్గర ఆగింది. యాకయ్య కాంటాను వేలితో తట్టి చూశాడు. ముల్లు కదల్లేదు.

"సరే తియ్," అన్నాడు.

ఆ సాయంత్రం ఆటలో సంగీత తన్ను వరుణ్ అనే పిల్లవాడి తొడకు తగిలింది. చెయ్యి దిగింది, కండ్లకద్దుకుంది. షెడ్డులో అందరూ అరుపు కోసం చూశారు. యాకయ్య ప్యాడు పట్టీ బిగిస్తున్నాడు. ఇంకోసారి తగిలింది, ఇంకోసారి దిగింది. ఆ పట్టీ ఇంకా బిగుస్తూనే ఉంది. అరుపు రాకపోవడం కూడా చెవికి వినబడుతుందని కల్పనకు అప్పుడే తెలిసింది.

మరునాడు అందరూ పోయాక ఆయన కల్పనను ఆగమన్నాడు. చేతులకు ప్యాడ్లు తొడుక్కుని ఎదురుగా నిలబడ్డాడు.

"సంగీత తన్నును ఆపకు. తొడ మీద తీసుకో. నొస్తది, నొయ్యనియ్యి. చెయ్యి దిగుడు చూడు. దిగిందా, సీదా కుడి చెయ్యి."

"సార్..."

"నువ్వు మొదటిసంది ఉన్నవు. ఈ రేకుల కింద చీపురు పట్టినవు. దానికి ఇంకా మస్తు ఏండ్లున్నయ్. నీకు గిదే ఆఖరు."

అన్నీ నిజాలే. ఒక్క అబద్ధమున్నా బాగుండేది, దాన్ని పట్టుకుని కాదనేది. యాకయ్య తన కుంటికాలుతోనే మెల్లగా తొడను తాకి, చెయ్యి దించి కండ్ల వైపు తీసుకుపోయేవాడు. కల్పన కుడి చెయ్యి దూసుకుపోయేది. మొదట్లో చూసి కొట్టింది. బుధవారం, గురువారం అదే పని. రాను రాను చూడకముందే చెయ్యి పోతుంది. గురి కుదిరినందుకు సంతోషమే, కానీ ఇంటికి పోతే ముద్ద దిగలేదు. యోసేపు అడిగితే కాలు నొప్పి అన్నది.

సంగీత రెండు రోజులుగా రాలేదు. పత్తికి కూలీలు దొరకడం లేదని, శనివారం పత్తి మిల్లుకు పోతుందని, నేరుగా మానుకోటకే వస్తానని ఫోను చేసింది. శనివారం పొద్దున కల్పన బస్సెక్కి పాలకుర్తిలో దిగి, తండాకు ఆటో ఎక్కింది. సంగీతకు కాలి ఎముకకు కట్టుకునే షిన్ గార్డులు ఇచ్చొస్తానని ఇంట్లో చెప్పింది. ఎందుకు పోతుందో తనకే సరిగా తెలియదు.

చేనుకాడ ట్రాలీ ఆగి ఉంది. సంగీత తండ్రి వాల్యా మూటలు మోసుకొచ్చి పైకి విసురుతున్నాడు. తల్లి కాళి మూటలు విప్పి పత్తిని పరుస్తుంది. ట్రాలీలో సంగీత ఒక్కతే తొక్కుతుంది. తొక్కకపోతే ట్రాలీలో సగం పత్తి కూడా పట్టదు. కల్పనను చూసి చెయ్యి ఊపింది.

"రా అక్కా, నువ్వుగూడ తొక్కుదువు. గంత బరువు ఊరికే ఉంచుకుంటవా?"

కల్పన చెప్పులు విడిచి టైరు మీద కాలు పెట్టబోతుంటే కాళి ఆపింది.

"మొక్కి ఎక్కు బిడ్డా. తినే తిండి ఇది."

కల్పన వాళ్లింట్లో మొక్కేది ఆదివారం ప్రార్థనలోనే. ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత కొంచెం పత్తి తీసుకుని కండ్లకద్దుకుంది. తిండి అన్నాక కాదనేదేముంది?

పత్తి తొక్కడం చూసినంత తేలిక కాదు. కాలు మోకాలి దాకా కూరుకుపోతుంది. దాన్ని పైకి గుంజాలంటే మోకాలు ఛాతీ దాకా లేపాలి. కల్పన ఎడమ తొడ ప్రతి అడుగుకూ అబ్బా అంటుంది. సంగీత మాత్రం అంచుల వెంట సుళ్లు తిరుగుతూ, మడమతో నొక్కుతూ, తండ్రి విసిరిన మూటను గాలిలోనే అందుకుంటూ, నడుమ నడుమ కల్పన అవస్థ చూసి నవ్వుతూ తొక్కింది. ఆ తన్ను ఎక్కడినుంచి వచ్చిందో కల్పనకు కండ్ల ముందే కనబడింది. అసూయపడదామనుకుంది గానీ మనసు ఒప్పలేదు. అంత మంచిగా పనిచేసే మనిషిని చూస్తూ అసూయపడటం కష్టం.

ట్రాలీ నిండింది. దిగాక సంగీత పత్తిని తాకి కండ్లకద్దుకుంది. ఇద్దరూ బోరు దగ్గర కాళ్లు కడుక్కుంటుండగా కల్పన ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"సార్ నీకు చెయ్యి సంగతి చెప్తలేడు."

సంగీత కాళ్ల మీద నీళ్లు పోసుకుంటూనే ఉంది. "ఎర్కే అక్కా."

"ఎర్కనా?"

"సోమారం కాంటా ఎక్కేదాంక తిట్టిండు. దిగినంక తిట్టలే. సార్ తిట్టుడు బంద్ చేసిండంటే నన్ను పక్కకు పెట్టిండనే గద."

"మరి అడుగలేదేంది?"

"ఏమని అడుగాలె? జర తిట్టుండ్రి సార్ అనా?" అని నవ్వి, నవ్వు మధ్యలో ఆపేసింది. "చెయ్యి దిగంగనే కొట్టుమని నీకు చెప్పిండు గద."

కల్పన తల దించుకుంది. "ఆ. నేర్పిండు."

"కొట్టాలె మరి. ఆటనాయె." ఆ గొంతులో కోపం లేదు. అది ఉంటే కల్పనకు కొంచెం తేలికగా ఉండేది. "నేను దించుత అని దించనక్కా. తెల్వకుంటనే పోతది. మనిషికి కాలు తగిలినంక ఊకుంటే ఏదో తప్పు చేసినట్టు ఉంటది."

కల్పన ట్రాలీ వైపు చూసింది. వాల్యా పత్తి మీద పట్టా కప్పి తాడు బిగిస్తున్నాడు.

"ఇంతసేపు పత్తి తొక్కినవు గద. అడుగడుగుకు మొక్కినవా?"

"లేదు."

"ఎందుకు మొక్కలే?"

"ఎక్కేటప్పుడు మొక్కినం గద. దిగినంక మొక్కినం. నడుమ ఉన్నదంతా పని."

"నా కాలుగూడ పత్తే అనుకో."

సంగీత చేతిలోని చెంబు కింద పెట్టింది. ఆమెకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"అక్కా, గట్లయితే నువ్వు ఓడిపోతవేమో."

"ఓడిపోతె ఓడిపోత. గెలిస్తే నీ తన్నును గెలువాలె గని నీ మొక్కును గాదు."

మాటయితే అన్నది. వచ్చే యేడు వయసు దాటుతుంది. ఆ సంగతి ఆమె మరిచిపోలేదు. అయినా లేచి, కాలువ గట్టు పక్కన చదునైన నేల చూసుకుని నిలబడి కుడి కాలు ముందుకు పెట్టింది, ఎడమది అప్పటికే పాడైంది కాబట్టి. "రా. ముందుగాల ఒకపారి మొక్కు. ఇగ ఆటో వచ్చేదాంక మొక్కేది లేదు."

సంగీత మొక్కింది. తన్నింది. చెయ్యి కిందికి కదలబోయి, చెంప దగ్గరే ఆగింది. మళ్లీ తన్నింది. చెయ్యి ఆగింది. దూరం నుంచి కాళి ఈ తన్నులాట చూసి, ఇద్దరూ కొట్టుకుంటున్నారనుకుని పరుగెత్తుకొచ్చి, సంగతి తెలిశాక నెత్తి కొట్టుకుని పోయింది.

మానుకోటలో ఒక ఫంక్షన్ హాల్లో కుర్చీలు పక్కకు జరిపి చాపలు పరిచారు. పొద్దుటి ఆటలు ఇద్దరూ గెలిచారు. ఫైనల్‌కు పిలిచినప్పుడు కల్పన మూలలో యాకయ్య నిలబడ్డాడు. సంగీత మూలలో ఎవరూ లేరు. ఒకే షెడ్డు పిల్లలు ఎదురుపడితే సార్ ఎవరి మూలలోనూ నిలబడకపోవడం ఆయన పాత పద్ధతి. ఆరోజు ఆ పద్ధతి తప్పాడు. భూపాలపల్లి పిల్లలను తీసుకొచ్చిన చిట్యాల కోచ్ లక్ష్మణ్ అది చూసి, నీళ్ల సీసా పట్టుకుని సంగీత వెనక కూర్చున్నాడు. "ఒక్కతే ఉన్నది గద," అన్నాడు, ఎవరూ అడగకపోయినా.

రిఫరీ గ్లౌజులు తాకించమన్నాడు. సంగీత తాకించి, వంగి, కల్పన ఎడమ తొడను తాకి కండ్లకద్దుకుంది. చూసేవాళ్లు నవ్వారు. యాకయ్య కనుబొమలు ముడిపడ్డాయి.

గంట కొట్టారు. మొదటి తన్ను వచ్చింది. కల్పన అలవాటుకొద్దీ దాన్ని తొడ మీద తీసుకుని కుడి చెయ్యి విసిరింది. అది సంగీత గ్లౌజుకు తగిలి వెనక్కి వచ్చింది. చెయ్యి దిగలేదు. రెండోసారీ దిగలేదు.

"దిగుతది, చూడు," అన్నాడు యాకయ్య మూలలోనుంచి.

సంగీత కాక, దిగదని తెలిసిన మనిషి ఆ హాల్లో కల్పన ఒక్కతే. రెండో రౌండుకు ఆమె చూడటం మానేసి తన ఆట తాను ఆడింది. కాలు తేలిక చేసింది. తన్ను కదలగానే మోకాలు లేపి బయటికి తిప్పింది. గార్డులున్నా ఎముకకు ఎముక తగిలిన చప్పుడు గోడల దాకా పోయింది. సంగీత ముఖం ఒక్కసారి ముడుచుకుని మళ్లీ విప్పారింది. ఇంకోసారి కల్పన అడుగు లోపలికేసి, తన్నుకు చోటు లేకుండా చేసి, రెండు గుద్దులు పెట్టి బయటికొచ్చింది. సంగీత తల ఊపింది, బాగుందన్నట్టు. ఇద్దరూ తమ జన్మలో అంత మంచిగా ఆడలేదు. లక్ష్మణ్ పక్కనున్న వాళ్లతో మాట్లాడటం ఆపేశాడు.

మూడో రౌండు సగం దాటింది. ఎవరు ముందున్నారో చెప్పడం కష్టం. అప్పుడు సంగీత తన్ను తేలికగా, ఊరికే తగిలింది. ఆ వెంటనే ఆమె కుడి చెయ్యి దిగింది. తొడ వైపు దిగి, కండ్ల వైపు లేవబోయింది. ముఖం తెరిచిన తలుపు.

"ఇగో!" అని అరిచాడు యాకయ్య.

కల్పన ఆలోచించేలోపే ఆమె చెయ్యి పోయింది. రోజుల తరబడి నేర్పిన చెయ్యి అది, యజమానిని అడగదు. కానీ ముఖం అక్కడ లేదు. సంగీత ఒక అడుగు పక్కకు జరిగి ఉంది. గుద్దుతోపాటు కల్పన బరువంతా ముందరి కాలు మీదికి వచ్చేసింది, ఇక దాన్ని లేపడానికి వీల్లేదు. సంగీత మడమ తిరిగింది, నడుము తిరిగింది. తొడ మీద పడ్డ ఆ దెబ్బకు కల్పన చాప మీద కూర్చుండిపోయింది.

సంగీత కావాలనే చెయ్యి దించిందని అక్కడ కూర్చున్నాకే కల్పనకు అర్థమైంది. తను చెప్పిన సంగతినే, రాత్రికి రాత్రి తిప్పి తన మీదే వాడింది. బాధ కంటే ముందు నవ్వొచ్చింది. ఎంత తెలివి ఈ పిల్లది అనుకుంది. రిఫరీ లెక్కపెడుతుంటే లేచింది, గంట కొట్టేదాకా ఒంటికాలు మీదే ఆడింది. రిఫరీ సంగీత చెయ్యి లేపాడు.

సంగీత చెయ్యి విడిపించుకుని వచ్చి, గ్లౌజులు రెండూ కల్పన తొడకు ఆనించి, కండ్లకద్దుకుని చాలాసేపు అట్లాగే ఉంది.

"అన్నిటికి కలిపి, అక్కా," అన్నది.

కల్పన ఆమెను గట్టిగా పట్టుకుంది. తర్వాత బాత్‌రూములోకి పోయి, నల్లా తిప్పి ఏడ్చింది. ఓడిపోవడం నొప్పే. ఎంత గొప్ప మనిషి చేతిలో ఓడినా ఆ నొప్పి తగ్గదు.

స్టేషనులో యాకయ్య ఆమె పక్కకొచ్చి పట్టాల వైపు చూస్తూ అడిగాడు. "నువ్వే చెప్పినవా?"

"చెప్పిన సార్."

ఆయన కుంటుకుంటూ బయటికి పోయి, చెరుకురసం బండి దగ్గర మంచుగడ్డ అడిగి కవరులో తెచ్చి సంగీత చేతికిచ్చాడు.

ప్యాసింజరు కిక్కిరిసి ఉంది. కల్పనకు కిటికీ పక్కన సీటు దొరికింది. సంగీత కింద కూర్చుని, ఆమె తొడ మీద మంచు కవరు పట్టుకుంది. యోసేపు ఫోను చేశాడు.

"ఓడిపోయిన నాయినా."

"ఆ గడ్డపారకేనా?"

"ఆ."

"మెట్లు దిగేటప్పుడు నేను పట్టుకుంట తియ్," అన్నాడు.

యాకయ్య పైకడ్డీ పట్టుకుని వాళ్ల పక్కనే నిలబడ్డాడు. ఎక్కినప్పటినుంచి ఇద్దరితోనూ మాట్లాడలేదు. నెక్కొండ దాటాక బండి కుదుపుకు అందరూ ఒక పక్కకు ఒరిగారు. ఆయనా ఒరిగి నిలదొక్కుకున్నాడు. తర్వాత కడ్డీ వదిలి, వంగని మోకాలును కష్టపడి వంచి, సంగీత భుజాన్ని వేళ్లతో తాకి ఆ వేళ్లు కండ్లకద్దుకున్నాడు.

సంగీత కంగారుపడి లేవబోయింది. "కాలు తగల్లేదు సార్."

నిజంగానే తగల్లేదు. ఆయన కాలుకు ఆమెకు మధ్య గ్లౌజుల సంచి ఉంది. కల్పన చూస్తూనే ఉంది.

"తగిలింది బిడ్డా," అన్నాడు యాకయ్య.

కల్పన పక్కకు జరిగి, ఒకరు పట్టే చోటు చేసి "కూసోండ్రి సార్," అన్నది. ఆయన కూర్చుని కాలు చాపుకున్నాడు. వరంగల్లు దీపాలు కనబడేదాకా కిటికీ బయటికే చూశాడు. తర్వాత ఉన్నట్టుండి, మిల్లు అవతలి రోడ్డు దాకా వినబడే తన పాత గొంతుతో మొదలుపెట్టాడు.

"చెయ్యి కావాలని దించినవు, మంచిదే. దించేటప్పుడు గదువ ఎందుకు లేపినవు? ఎన్నిసార్లు చెప్పాలె నీకు గదువ దాచుకొమ్మని? రాష్ట్రంల గట్ల లేపితే పండ్లు రాలగొడ్తరు. రేపు పొద్దుగాలనే రా. కల్పనా, నువ్వుగూడ రా. ప్యాడ్లు నువ్వే పట్టాలె, దాని తన్ను ఆపెటోళ్లు ఇంకెవరున్నరు?"

రైలు డబ్బాలో సగం మంది తిరిగి చూశారు. సంగీత తల దించుకుని మంచు కవరును ఇటునుంచి అటు మార్చింది. నవ్వు దాచుకోవాలని చూసింది గానీ ఆమె వల్ల కాలేదు.